డబ్బా మూత తీసే ముందు బీపీ, క్రియాటినిన్ చూపించుకున్నారా?

పలాస–కాశీబుగ్గ వీధుల్లోని, ఉద్దానం ఊళ్ళలోని అమ్మలకు, అయ్యలకు, అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు మీ ఇరుగుపొరుగు చేసుకుంటున్న మనవి.

కొన్నాళ్ళుగా మన వీధుల్లోకి గుండెకు మంచివంటూ అమ్మే డబ్బాలు వస్తున్నాయి. ఫంక్షన్ హాల్లో మీటింగు అంటారు. తెర మీద ఎర్రటి రక్తనాళం, అందులో పసుపురంగు కొవ్వు, ఆ కొవ్వును తోముకుంటూ పోయే క్యాప్సూలు బొమ్మ చూపిస్తారు. ఆ తర్వాత ఒకాయన లేచి, మూడు నెలలు ఈ డబ్బా వాడాను, బీపీ బిళ్ళ మానేశాను అని చెబుతాడు. చప్పట్లు కొడతారు. టీ తాగేలోపు చేతిలో ఫారం పెడతారు. డబ్బా ఖరీదు వేలల్లో ఉంటుంది. నెలంతా జీడిబట్టీలో పిక్కలు కొట్టిన చేతుల కష్టం అందులోకి పోతుంది.

గుండెకు మంచి చేసుకోవద్దని మేమనడం లేదు, చేసుకోవాలనే అంటున్నాం. కానీ మనది ఉద్దానం. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు తగలని చుట్టరికం లేదు. వేరే ఊళ్ళో గుండెకు మేలు చేసేది ఇక్కడ కొందరికి ప్రాణం మీదికి తేవచ్చు. మన దగ్గర గుండెకిచ్చే సలహా ఏదైనా ముందు కిడ్నీ సంగతి తేలాకే లోపలికి రావాలి. ఈ కరపత్రం వేసింది ఈ ఒక్క మాట కోసమే.

గుండె, కిడ్నీ వేరువేరు సంసారాలు కావు. బీపీ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. అక్కడ కొవ్వు పేరుకుంటుంది. ఎప్పుడో ఆ పేరుకున్నది చిట్లితే దాని మీద రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. అది గుండెలో జరిగితే గుండెపోటు, మెదడులో జరిగితే పక్షవాతం. కిడ్నీలోని సన్నని నాళాలనూ అదే బీపీ నలిపేస్తుంది. కిడ్నీ దెబ్బతింటే బీపీ మరింత పెరుగుతుంది. డయాలసిస్ దాకా వెళ్ళకముందే గుండెజబ్బుతో పోయే కిడ్నీ రోగులు ఎందరో ఉన్నారని డాక్టర్లందరికీ తెలుసు. మన ప్రాంతపు కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీళ్ళ మీద, మట్టి మీద పరిశోధనలు నడుస్తూనే ఉన్నాయి. కారణం తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. బీపీ మన చేతిలో ఉన్న పగ్గం.

మొదటి పని ఉప్పు ప్యాకెట్‌తో

మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లోనూ అదే అంకె ఉంది. 5 గ్రాములంటే తలకొట్టిన చిన్న చెంచాడు. కూరలో వేసేదొక్కటే కాదు, పచ్చడి, అప్పడం, చల్ల మిరపకాయ, ఎండుచేప, మిక్చరు, బిస్కెట్టు అన్నీ కలిపి. రోజూ ఎవరు తూచుకుంటారు? అందుకే సులువు లెక్క ఒకటి చెబుతాం. నలుగురున్న ఇంటికి కిలో ఉప్పు ప్యాకెట్ 50 రోజులు రావాలి. ప్యాకెట్ కత్తిరించిన రోజే దాని మీద పెన్నుతో తారీఖు వేయండి. 25 రోజులకే ఖాళీ అయితే మీ ఇంట్లో మనిషికి రోజుకు 10 గ్రాములు పడుతున్నట్టే, బజారులో తినేది దీనికి అదనం. ఊరగాయ పెట్టిన ఉప్పును వేరే రాసుకోండి. ఆవకాయకు కారం, ఆవపిండి, ఉప్పు ఏ పాళ్ళలో పోస్తామో మీకు వేరే చెప్పాలా?

ఆవకాయ మానేయమంటే ఈ కాగితం పొయ్యిలోకి పోతుందని మాకు తెలుసు. మానక్కర్లేదు. గరిటె తీసి చెంచా పెట్టండి, ఆవకాయ వేసుకున్న పూట అప్పడం వద్దు. చద్దన్నంలోకి ఎండుచేప ఉంటే అన్నంలో వేరే ఉప్పు కలపకండి. ఎండుచేపను వేడినీళ్ళలో నానబెట్టి రెండుసార్లు కడిగితే ఉప్పు కొంత పోతుంది. మొదటి వారం ఏం తిన్నా చప్పగానే ఉంటుంది. కొన్ని వారాల్లో నాలుక సర్దుకుంటుంది, ఆ తర్వాత పెళ్ళి భోజనం ఉప్పు కషాయంలా తగులుతుంది. బీపీ ఉన్నవాళ్ళు రోజుకు 4 గ్రాముల పైచిలుకు ఉప్పు తగ్గించుకుంటే పై అంకె సగటున 5 పాయింట్లు దిగుతుందని పరిశోధనలన్నీ కలిపి చూసిన లెక్క చెబుతోంది. అయిదేనా అనకండి. డబ్బా ఖర్చు లేకుండా వచ్చిన అయిదు అది.

ఎండలో పనిచేసేవాళ్ళకు చెమటలో ఉప్పు పోతుంది కదా అని అడుగుతారు. నిజమే, పోతుంది. అయినా మనం తినే తిండిలో అవసరానికి మించే ఉంది. తోటల్లో, బట్టీల దగ్గర పనిచేసేవాళ్ళకు ముందు కావలసింది నీళ్ళు. వాంతులు, విరేచనాలు అయితే ఓఆర్‌ఎస్ సంగతి వేరు. మేము ఉప్పు మానమనడం లేదు, తగ్గించమంటున్నాం.

సైంధవ లవణమనీ, గులాబీ రంగు ఉప్పనీ రెట్టింపు ధర పెట్టి కొంటున్నారు. అందులోనూ దాదాపు అంతే సోడియం ఉంటుంది. పైగా అయోడిన్ కలిపి ఉండకపోవచ్చు.

ఇక ‘లో సోడియం’ అని రాసి ఉన్న ఉప్పు. ఇక్కడ ఆగి చదవండి. చైనాలో 600 గ్రామాల్లో సుమారు 21,000 మంది మీద దాదాపు 5 ఏళ్ళు ఒక పెద్ద పరిశోధన చేశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. మామూలు ఉప్పులో నాలుగో వంతు తీసి పొటాషియం క్లోరైడ్ కలిపి ఇస్తే పక్షవాతం 14 శాతం తగ్గింది. మంచి ఫలితమే. కానీ తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళను ఆ పరిశోధనలోకి తీసుకోనేలేదు. దెబ్బతిన్న కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపలేదు. అది రక్తంలో పెరిగితే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. టెల్మిసార్టాన్, ఎనలాప్రిల్ లాంటి బీపీ బిళ్ళలు కూడా పొటాషియాన్ని కొంత పెంచుతాయి. హైదరాబాదులో ఉన్న మీ అబ్బాయి ప్రేమగా ఆ ప్యాకెట్ పంపితే, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష కాగితం డాక్టరుకు చూపించేదాకా దాన్ని అటక మీద పెట్టండి.

కొబ్బరి బొండం సంగతీ అంతే. చుట్టూ కొబ్బరితోటలున్న ఊరు మనది, వచ్చినవాళ్ళకు బొండం కొట్టి ఇవ్వకపోతే మనసొప్పదు. కిడ్నీ బాగున్నవాళ్ళకు మంచిది. క్రియాటినిన్ పెరిగినవాళ్ళకు అందులో ఉన్న పొటాషియమే శత్రువు. గుండెకు అరటిపండు, ఆకుకూర, బొండం మంచివని ఫోన్లో సందేశాలు పంపేవాళ్ళకు మన ఊరు తెలియదు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు ఆకుకూర ఎంత తినాలి, ఉడికించిన నీళ్ళు వంచేసి తినాలా, పప్పు ఎంత వేసుకోవాలి అన్నది డాక్టరు చెప్పిన ప్రకారమే నడవాలి.

డబ్బా వెనక ఏం రాసి ఉంది?

మీ ఇంట్లో ఆ డబ్బా ఉంటే ఇప్పుడే తీసి వెనక్కు తిప్పండి. కళ్ళజోడు పెట్టుకోండి, అక్షరాలు ఆవగింజంత ఉంటాయి. మందుగా వాడటానికి కాదు అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. అలా రాయాలని దేశపు ఆహార భద్రతా సంస్థ 2016లో నియమం పెట్టింది. 14 అంకెల లైసెన్సు నంబరు కూడా ఉండాలి. మీటింగులో మైకు పట్టుకుని ‘బీపీ పోతుంది, బ్లాకులు కరుగుతాయి’ అన్నవాళ్ళు డబ్బా మీద మాత్రం ఆ మాట అచ్చు వేయలేదు. ఎందుకంటే గుండెజబ్బు, రక్తపోటు నయం చేస్తామని ప్రకటించుకోవడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ముందుగా అనుమతి అడగకుండా, గుర్తింపు కార్డు లేకుండా ఇంటికొచ్చి సరుకు అమ్మకూడదని 2021 నాటి నేరుగా అమ్మకాల నియమాలు చెబుతున్నాయి. వచ్చినవాళ్ళు మన చుట్టాలే కావచ్చు. పాపం వాళ్ళను అనేం లాభం, గొలుసులో కింద ఇరుక్కున్నవాళ్ళు. వాళ్ళకు మంచినీళ్ళివ్వండి, సంతకం మాత్రం పెట్టకండి.

డబ్బాల్లో ఏముందో కూడా చెప్పుకుందాం. అంతా మోసమని కొట్టిపారేయడం మాకిష్టం లేదు.

చేపనూనె క్యాప్సూళ్ళు. అమెరికాలో 25,871 మందికి రోజుకు 1 గ్రాము చొప్పున 5 ఏళ్ళకు పైగా ఇచ్చి చూశారు. సగం మందికి ఉత్తుత్తి గోలీ ఇచ్చారు. 2018లో ఫలితం వచ్చింది. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు అన్నీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వు బాగా ఎక్కువుండి, అప్పటికే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ బిళ్ళ వాడుతున్న కొందరికి శుద్ధి చేసిన చేపనూనె మందు రోజుకు 4 గ్రాములిస్తే మేలు కనిపించింది, గుండె లయ తప్పడమూ కొంత పెరిగింది. అది డాక్టరు చీటీ రాసి ఇచ్చే మందు, మీటింగులో అమ్మే డబ్బా కాదు. మనకు సముద్రం పక్కనే ఉంది. కవళ్ళు, కానాగంతలు ఆ చేపనూనెలోని కొవ్వుతో సహా చవగ్గా దొరుకుతాయి. వారానికి రెండుసార్లు పులుసు పెట్టుకోండి, వేపుడు కాదు. చేప తినని ఇళ్ళలో అవిసెల పొడి ఉంది.

విటమిన్ ఇ. ఒకప్పుడు గుండెకు గొప్పదన్నారు. 2000లో వచ్చిన పెద్ద పరిశోధనలో రోజుకు 400 యూనిట్లు ఇచ్చినా ఏ మేలూ కనబడలేదు. అదే మనుషులను ఇంకొన్నేళ్ళు చూస్తే 2005 నాటికి గుండె బలహీనపడిన కేసులు పెరిగాయి.

రక్తనాళాలను విప్పే అమైనో ఆమ్లమని అర్జినైన్ పొడి అమ్ముతున్నారు. దీని కథ కొంచెం పెద్దది, అయినా తెలుసుకోవాలి. రక్తనాళాల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువును తయారు చేస్తుంది, దానితో నాళం సడలుతుంది. ఈ సంగతి కనిపెట్టినందుకు ముగ్గురు శాస్త్రవేత్తలకు 1998లో నోబెల్ ఇచ్చారు. ఆ వాయువుకు ముడిసరుకు అర్జినైన్. అయితే ముడిసరుకు ఎక్కువ పోస్తే నాళం బాగా సడలాలి కదా? వినడానికి బాగానే ఉంది. గుండెపోటు వచ్చిన 153 మంది మీద ఈ సంగతి పరీక్షించారు. అర్జినైన్ తిన్నవాళ్ళలో 6 మంది చనిపోయారు, ఉత్తుత్తి గోలీ తిన్నవాళ్ళలో ఒక్కరూ పోలేదు. పరిశోధన మధ్యలోనే ఆపేశారు. 2006లో ఆ వివరాలు అచ్చయ్యాయి. తెర మీద బొమ్మ బాగుందని, నోబెల్ బహుమతి పేరు చెప్పారని ఒంట్లో వేసుకోకూడదనడానికి ఇంతకంటే సాక్ష్యం వద్దు. గుండెపోటు వచ్చి బయటపడ్డ పెద్దవాళ్ళకే ఈ పొడులు ఎక్కువగా అంటగడుతున్నారు, అదే మా కోపం.

ఫోలిక్ ఆమ్లం మన తెలుగువాళ్ళు గర్వపడాల్సిన విటమిన్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1940ల్లో అమెరికాలో దాన్ని తయారు చేసింది. గర్భిణులకు ఏఎన్‌ఎం అమ్మ ఇచ్చే బిళ్ళలో ఉండేది ఇదే, దాన్ని తప్పక వేసుకోవాలి. బిడ్డ వెన్నుపాముకు రక్ష అది. కానీ గుండెపోటు ఆపుతుందని బీ6, బీ12లతో కలిపి అయిదు వేల పైచిలుకు మందికి ఇచ్చి చూస్తే, రక్తంలో గుండెజబ్బుతో ముడిపెట్టే ఒక రసాయనం తగ్గింది గానీ గుండెపోట్లు తగ్గలేదు. ఏ విటమినైనా లోటు ఉన్నవాళ్ళకు మందే. చక్కెరజబ్బుకు మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళకు, బొత్తిగా మాంసం, పాలు ముట్టనివాళ్ళకు బీ12 తగ్గవచ్చు, పరీక్ష చేయించుకుని వాడాలి. లోటు లేనివాళ్ళకు అదనంగా వచ్చే లాభం లేదు.

వెల్లుల్లి క్యాప్సూళ్ళు, తెల్లమద్ది చెక్క పొడి. వంటలో వెల్లుల్లికి ఎవరూ అడ్డుచెప్పరు. కానీ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, గుండె కవాటానికి వాడే అసిట్రోమ్ లాంటి రక్తం పల్చబరిచే మందులు వేసుకుంటున్నవాళ్ళు గాఢమైన వెల్లుల్లి, చేపనూనె, విటమిన్ ఇ క్యాప్సూళ్ళు కలిపితే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. తెల్లమద్ది వాడుతుంటే వాడుతున్నామని డాక్టరుకు చెప్పండి, దాచకండి. లోపల ఏమున్నాయో రాసిలేని మూలికల పొడుల జోలికి మాత్రం పోవద్దు. 1990ల మొదట్లో బెల్జియంలో ఒక బరువు తగ్గించే చోట మూలికల మందు తిన్న ఆడవాళ్ళు పదుల సంఖ్యలో కిడ్నీలు పోగొట్టుకున్నారు. ఒక మూలిక బదులు ఇంకో మూలిక కలిసింది, అంతే. ఉద్దానంలో ఉన్న మనం అలాంటి జూదం ఆడగలమా?

నీళ్ళలో వేస్తే బుసబుసలాడే విటమిన్ బిళ్ళల్లో, గ్యాస్ పొడుల్లో సోడియం బాగా ఉంటుంది. ఒళ్ళు నొప్పుల బిళ్ళలు రోజూ మింగితే బీపీ పెరుగుతుంది, కిడ్నీ చెడుతుంది. పిక్కలు కొట్టి నడుం పట్టేసిన అక్కలు ఈ రెండో మాట గుర్తుపెట్టుకోవాలి. చుట్ట మానకుండా, అడ్డపొగ వదలకుండా ఎంత ఖరీదైన క్యాప్సూలు వేసినా రక్తనాళానికి ఒరిగేది లేదు.

ఆ డబ్బు కంచంలో పెట్టండి

ఇది కిడ్నీ బాగున్నవాళ్ళ కంచం సంగతి. చోడి అంబలి మనకు కొత్త కాదు, పొద్దున్నే పూరీ బదులు దాన్ని మళ్ళీ తెచ్చుకోండి. ఉలవచారు, పెసలు, బెండ, బీర, ఆనపకాయ. మనిషికి రోజుకు 400 గ్రాముల కూరలు, ఆకుకూరలు కలిపి తినాలని పోషకాహార సంస్థ అంటోంది. మన కంచంలో అన్నం కొండ, కూర గోరంత. జీడిపప్పు ప్రపంచానికి పంపే ఊరు మనది, పిల్లలకు నాలుగు గుళ్ళు పెట్టడానికి వెనకాడతాం. ఉప్పూకారం పట్టించనివి, గుప్పెడుకు మించకుండా తినవచ్చు. వేరుశనగ ఇంకా చవక.

నూనె మనిషికి రోజుకు 27 గ్రాములు చాలు. నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు. వేరుశనగ, నువ్వులు, తవుడు నూనెలు మార్చిమార్చి వాడితే మంచిది. పామోలిన్ ఒక్కటే కావడి కట్టినట్టు మోసుకురావద్దు.

సాయంత్రం బజ్జీల బండి దగ్గర ఒకసారి మూకుడులోకి చూడండి. నూనె నల్లగా, చిక్కగా, అంచున జిగురు నురగతో, పొగ కళ్ళు మండిస్తుంటే అది నిన్నటిదో మొన్నటిదో. మరిగి మరిగి నూనెలో పేరుకునే చెడు పదార్థాలకు 25 శాతం హద్దు పెట్టి, దాటితే వాడకూడదని 2018 జులై 1 నుంచి దేశమంతా నియమం ఉంది. బండి అన్నలకూ మా విన్నపం: పొద్దుపోయాక మిగిలిన నూనె మర్నాటి మూకుడులో పోయకండి. మీ పిల్లలూ అదే బజ్జీ తింటారు. కొనేవాళ్ళు గొడవపడక్కర్లేదు, ‘అన్నా, నూనె మార్చావా?’ అని రోజూ అడగండి చాలు. వీధి మొత్తం అడిగితే నూనె మారుతుంది.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాం. డాక్టరు రాసిన బీపీ బిళ్ళ, కొలెస్ట్రాల్ బిళ్ళ, చక్కెర బిళ్ళ ఎవరి మాట విని ఆపకండి. బీపీ బిళ్ళలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు. బీపీ తగ్గింది కదా అని మానేస్తే ఆ తగ్గింది మళ్ళీ ఎక్కుతుంది. ఛాతీ బిగపట్టి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకి, చల్లటి చెమటలు పోస్తే గ్యాసని సోడా తాగి పడుకోకండి, 108కి ఫోన్ చేయండి. చక్కెరజబ్బు వాళ్ళకు, ఆడవాళ్ళకు నొప్పి లేకుండా ఆయాసం, నీరసంగానే రావచ్చు. బలవంతంగా డబ్బా అంటగట్టినవాళ్ళ మీద 1915కి ఫిర్యాదు చేయవచ్చు.

వచ్చే ఆదివారం పొద్దున్న 7 గంటలకు మన వీధి చివర వేపచెట్టు దగ్గరికి రండి. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ చూస్తారు, క్రియాటినిన్‌కు రక్తం తీస్తారు. మీ ఇంట్లో ఉన్న డబ్బాలు, పొడులు, సీసాలు, మందుల చీటీలు, పాత పరీక్ష కాగితాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని తెండి. తారీఖు రాసిన ఉప్పు ప్యాకెట్ కూడా తేవాలి. ఏది ఉంచాలో, ఏది డాక్టరును అడిగాకే ముట్టుకోవాలో అక్కడే విడదీద్దాం. మంచం మీద ఉన్న ముసలివాళ్ళ వివరాలు చెబితే ఇంటికే వస్తాం. క్రియాటినిన్‌కు పరగడుపున రానక్కర్లేదు. బీపీ చూపించుకునే ముందు అరగంట టీ, చుట్ట వద్దు. వచ్చాక అయిదు నిమిషాలు ఊరకే కూర్చోవాలి, బెంచీలు వేస్తున్నాం.